యాభై ఏడో గింజ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఏరు. ఏటి పక్కన ఒక నల్లబండ. ఆ బండ మీద పద్నాలుగు గుంటలు. కథంతా ఆ గుంటల దగ్గరే జరుగుతుంది కాబట్టి ముందు వాటి సంగతి చెబుతాను. తొందరపెట్టకుండా వినండి.

గుంటలు రెండు వరసలు. ఈ పక్క ఏడు, ఆ పక్క ఏడు. ఒక్కో గుంటలో నాలుగేసి చింతగింజలు. పద్నాలుగు నాలుగులు యాభై ఆరు. ఒకటి ఎక్కువ ఉండదు, ఒకటి తక్కువ ఉండదు. మా తోడికోడలు ఈ కథ చెప్పేటప్పుడు అరవై గింజలు అని చెప్పేది. పద్నాలుగు గుంటల్లో అరవై గింజలు సమానంగా ఎలా పోస్తారో ఆవిడే చెప్పాలి. అడిగి ఇరవై ఏళ్లయింది. ఇంకా చెప్పలేదు.

ఆ బండ ఒక కోతుల కుటుంబానిది. ఆ ఇంటికి పెద్ద గవరమ్మ. పిల్లలంతా ఆమెను నానమ్మ అనేవారు. ఎడమ మోకాలు పట్టేసి ఆమె చెట్లెక్కడం మానేసింది. అయినా బండ మీద కూర్చుందంటే, ఆమె ఎదుట ఒక్కరూ గట్టిగా తుమ్మేవారు కాదు. ఆమెకు ఒక్క అక్షరం రాదు. కాని మూసిన గుప్పిట్లో ఎన్ని గింజలున్నాయో, ఆడించినప్పుడు వచ్చే చప్పుడు విని చెప్పేది.

సాయంత్రమైతే ఇంటిల్లిపాదీ బండ చుట్టూ చేరి వామనగుంటలు ఆడేవారు. ఆ ఆట తెలియనివాళ్లకు చెబుతాను. మన వరసలో ఒక గుంటలోని గింజలన్నీ తీసుకోవాలి. పక్క గుంట నుంచి ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే, తరువాతి గుంటలోవి తీసుకుని మళ్లీ వేయాలి. అలా వేస్తూ చెయ్యి ఖాళీ అయినప్పుడు తరువాతి గుంట కూడా ఖాళీగా ఉందనుకోండి. ఆ ఖాళీ గుంటను వేలితో తుడిచి, దాని అవతలి గుంటలో ఉన్నవన్నీ మనం తీసేసుకోవచ్చు. చివరికి ఎవరి దగ్గర గింజలు ఎక్కువ ఉంటే వాళ్లు గెలిచినట్టు.

కాబట్టి గింజలు తీయకముందే లెక్క చూసుకోవాలి. ఇక్కడ ఐదు తీస్తే ఎక్కడ ఆగుతాం, అక్కడ మూడు తీస్తే ఎక్కడ తేలతాం, అదంతా తలలో తిరగాలి. నానమ్మ మూడు కట్టుబాట్లు పెట్టింది. వేలితో తాకి లెక్కపెట్టకూడదు, కళ్లతోనే చూడాలి. ఒకసారి వేసిన గింజను వెనక్కి తీయకూడదు. ఆట అయ్యాక ఇద్దరి గింజలూ కలిపి యాభై ఆరు అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఒకసారి ఒక గింజ దొర్లి బండ సందులో పడింది. అది దొరికేదాకా ఆ ఇంట్లో ఎవరూ పండు ముట్టలేదు. ముట్టనిచ్చేదెవరు?

ఆ గుంటలు ఆటకు మాత్రమే కాదు. వాటికి ఇంకో పని కూడా ఉంది.

ఏటి అవతలి ఒడ్డున నేరేడు చెట్లున్నాయి. తొలకరి పడగానే పళ్లు నల్లగా నిగనిగలాడేవి. కాని ఆ ఒడ్డు చిరుతపులిది. మధ్యాహ్నమంతా అది రాళ్ల గుహలో పడి నిద్రపోయేది. పొద్దు కొండ వెనక్కి వాలగానే ఒడ్డంతా తిరిగేది. అందుకని కోతులు రెండు వెదురుగడలు ఏటి మీద పరుచుకుని మధ్యాహ్నం వెళ్లేవారు. పొద్దు వాలేలోగా తిరిగివచ్చి, గడలు ఈ ఒడ్డుకు లాగేసుకునేవారు. గడలు వదిలేస్తే చిరుత కూడా వాటి మీదుగానే వచ్చేస్తుంది కదా.

మరి అందరూ వచ్చారో లేదో తెలిసేదెలా? కోతుల బుగ్గల్లో సంచులుంటాయని మీకు తెలుసు. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో గుంట నుంచి ఒక గింజ తీసి బుగ్గలో పెట్టుకునేవారు. అప్పుడా గుంటలో మూడే మిగులుతాయి. తిరిగివచ్చాక మూడు గింజలున్న గుంట ఏదో చూసి, తమ గింజ అందులో వేసేవారు. వేసి, నోరు తెరిచి, రెండు బుగ్గలూ నానమ్మకు చూపించేవారు. అన్ని గుంటల్లోనూ నాలుగేసి కనబడితే అందరూ వచ్చినట్టు. ఒక్క గుంటలో మూడున్నా గడలు లాగేది లేదు.

నానమ్మ కాక ఆ ఇంట్లో పద్నాలుగు మంది. అవతలికి వెళ్లేది మాత్రం పదమూడు మందే. ఇవతల ఉండిపోయే ఆ ఒక్కదాని పేరు పిందె.

నానమ్మ ఎదుట ఒక్క ఆటయినా గెలవనిదే ఏరు దాటకూడదని ఆ ఇంటి పద్ధతి. లెక్క తెలియనివాళ్లకు పొద్దు ఎంత మిగిలిందో కూడా తెలియదని నానమ్మ అనేది. పిందె ఇంతవరకూ ఒక్క ఆట గెలవలేదు. దానికంటే ఏడాది చిన్నదైన చెల్లెలు పూత మాత్రం పోయిన పున్నమికే గెలిచి, ఏరు దాటేసింది.

రోజూ మధ్యాహ్నం పదమూడు గుంటల్లో మూడేసి గింజలు మిగిలేవి. ఒక్క గుంటలో నాలుగూ అలాగే ఉండేవి. ఆ నాలుగు గింజల గుంట పిందెది. నానమ్మ పక్కన కూర్చుని అది ఆ గుంటనే చూస్తూ ఉండేది. సాయంత్రం పూత వచ్చి ఊదారంగు నాలుక బయటపెట్టి చూపించేది. అక్క కోసం దాచి తెచ్చిన రెండు నలిగిన పళ్లు చేతిలో పెట్టేది. అవి తియ్యగా ఉండేవి. తియ్యగా ఉన్నందుకే పిందెకు ఇంకా కోపం వచ్చేది.

ఆ నేరేళ్ల కాలంలో పిందె మూడుసార్లు ఆటకు కూర్చుంది. మూడుసార్లూ ఎదుట కూర్చున్నది కొమ్మయ్య బాబాయే. బాబాయి బొజ్జ పెద్దది, నోరు ఇంకా పెద్దది.

మొదటి ఆటలో పిందె వేలు పెట్టి లెక్కపెట్టింది. నానమ్మ ఆ వేలి మీద పుల్లతో ఒక్కటి వేసింది. ఆ వంతు పోయింది, వెనకే ఆట కూడా పోయింది. పద్నాలుగు గింజల తేడాతో ఓడింది.

రెండో ఆటలో అసలు లెక్కే చూడలేదు. ఏదో ఒక గుంట తీయడం, దేవుడి మీద భారం వేయడం. దేవుడు బాబాయి వైపు ఉన్నాడు. ఈసారి తేడా పది.

మూడో ఆటలో కళ్లతో చక్కగా చూసింది. మొదటి చేతి గింజలు ఎక్కడ అయిపోతాయో కనిపెట్టింది. కాని ఆ తరువాతి గుంటలోవి తీసి మళ్లీ వేయాలి కదా, అవి ఎక్కడ అయిపోతాయో చూసుకోలేదు. రెండు గింజలతో ఓడిపోయింది.

బాబాయి బొజ్జ నిమురుకుంటూ లేచాడు. "పోనీలే పిందమ్మా, నువ్వు ఇక్కడే ఉండు. మా అమ్మకు పేలు చూడ్డానికి ఒకరుండాలి కదా" అన్నాడు.

అందరూ నవ్వారు. పూత కూడా నవ్వింది. పిందె ఆ మాటను మనసులో పెట్టుకుంది. అలాంటి మాటలు ఎన్నాళ్లు గుర్తుంటాయో నాకు తెలుసు.

నానమ్మ ఒక్కతే నవ్వలేదు. పద్నాలుగుతో ఓడిన పిల్ల పదితో ఓడిందనీ, పదితో ఓడింది రెండుతో ఓడిందనీ ఆమె లెక్క చూసుకుంది. రోజూ పొద్దున్నే వచ్చి కూర్చోమనీ, తాను నేర్పుతాననీ చెప్పింది. కాని నేర్చుకునేసరికి నేరేళ్లు అయిపోతాయని పిందె భయం. చెట్ల మీద పళ్లు రోజు రోజుకూ పలచబడుతున్నాయి.

మర్నాడు పొద్దున పిందె నానమ్మ దగ్గరికి వెళ్లలేదు. చింతచెట్టు కిందికి వెళ్లింది. రాలిన కాయ ఒకటి పగలగొట్టి, బాగా నున్నగా ఉన్న గింజ ఒకటి ఎంచుకుంది. దాన్ని కుడి బుగ్గలో పెట్టుకుంది.

మధ్యాహ్నం, అందరూ ఏరు దాటడానికి సిద్ధమవుతుంటే, ఇంకొక్క ఆట ఆడతానని అడిగింది. బాబాయి నిట్టూర్చి కూర్చున్నాడు. ఆయన చేతులు గుంటల్లో ఉన్నాయి గాని, కళ్లు నేరేడు కొమ్మల మీద ఉన్నాయి.

ఆట సగానికి వచ్చేసరికి పిందె చేతిలో నాలుగు గింజలున్నాయి. నాలుగూ వేసి ఆగితే, ఆ తరువాత వరసగా రెండు గుంటలు ఖాళీ, ఏమీ రాదు. ఐదో గింజ ఒకటి ఉంటే, దాని తరువాతి గుంట ఖాళీ. ఆ ఖాళీ గుంట అవతల పదకొండు గింజలు కుప్పగా పడి ఉన్నాయి. పిందె మూతి తుడుచుకున్నట్టు చెయ్యి పైకెత్తింది. కుడి బుగ్గలోది చేతిలోకి జారింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు వేసింది. ఖాళీ గుంట తుడిచింది. పదకొండూ ఊడ్చుకుంది.

ఆట ముగిసేసరికి బాబాయి దగ్గర ఇరవై ఆరు, పిందె దగ్గర ముప్పై ఒకటి. రెండూ కలిపితే యాభై ఏడు అవుతుందని పిందె తలలో టక్కున మెరిసింది. వేలు కదపలేదు, పెదవి కదపలేదు. ఇన్నాళ్లూ రాని లెక్క దొంగతనం కోసం వచ్చింది చూడండి. అందరూ అరుస్తూ చప్పట్లు కొడుతుంటే, మళ్లీ మూతి తుడుచుకున్నట్టు చెయ్యెత్తి, ఒక గింజను కుడి బుగ్గలోకి తోసేసింది.

నానమ్మ చూసింది. ముప్పై, ఇరవై ఆరు. యాభై ఆరు. సరిపోయింది. గింజలు మళ్లీ నాలుగేసి పోసి, పిందె కూడా ఒకటి తీసుకోవచ్చని చెప్పింది.

ఆ రోజు మొదటిసారిగా పద్నాలుగు గుంటల్లోనూ మూడేసి గింజలు మిగిలాయి. పిందె తన గింజను ఎడమ బుగ్గలో పెట్టుకుంది. ఎడమ బుగ్గలో నిజం గింజ, కుడి బుగ్గలో దొంగ గింజ.

ఆ దొంగ గింజను ఉమ్మేద్దామని పిందె మూడుసార్లు అనుకుంది. ఒడ్డున ఉమ్మేద్దామంటే నానమ్మ చూస్తోంది. గడల మీద ఉమ్మేద్దామంటే, మొదటిసారి దాటుతోంది కదా, భయంతో పళ్లు గిట్టకరుచుకుపోయాయి. అవతలికి వెళ్లాక ఉమ్మేద్దాం అనుకుంది. అవతలికి వెళ్లాక ఎదురుగా నేరేడు గుత్తులు కనిపించాయి. ఇక గింజ ఎవరికి గుర్తుంటుంది?

పిందె తిన్నది. నాలుక ఊదారంగుకు తిరిగేదాకా తిన్నది. అక్కాచెల్లెళ్లు ఒకరి నాలుక ఒకరికి చూపించుకుని నవ్వుకున్నారు. అంతలో కొండ మీద ఉరిమింది. పెద్దవాళ్లు దిగండి దిగండి అంటూ తొందరపెట్టారు. పూత చివరి కొమ్మకు ఉన్న గుత్తి ఒకటి చూపించి, అది తెంపుకుని వెనకే వస్తానని చెప్పింది. పిందె సరేనని గడల వైపు పరుగెత్తింది. పూత అక్కతో ముందు వెళ్లిపోయిందని వాళ్ల అమ్మ అనుకుంది. అమ్మతో వెనక వస్తుందని పిందె అనుకుంది.

బండ దగ్గర వరస కట్టారు. పిందెకు తన వంతు వచ్చినప్పుడు గాని కుడి బుగ్గ గుర్తు రాలేదు. ఒకటి వేసి ఒకటి ఉంచుకుంటే, నోరు తెరవగానే నానమ్మకు కనబడుతుంది. కింద పడేస్తే చప్పుడవుతుంది. నానమ్మ చెవి సంగతి ముందే చెప్పాను. వెనక నిలబడ్డ బాబాయి నడుం మీద పొడిచి, ముందుకు కదలమన్నాడు. పిందె వంగింది. ఎడమ బుగ్గలోది ఒక గుంటలో వేసింది. చేతులతో అడ్డం పెట్టి, కుడి బుగ్గలోది పక్క గుంటలో చప్పుడు కాకుండా పెట్టింది. నోరు తెరిచింది. రెండు బుగ్గలూ ఖాళీ. నానమ్మ తల ఊపింది.

పిందె పక్కకు వచ్చి వరసనే చూస్తూ నిలబడింది. ఎందుకంటే లెక్క ఇప్పుడు దానికి బాగా తెలుసు. తాను ఒక్కతే రెండు గుంటలు నింపేసింది. కాబట్టి చివర వచ్చేవాళ్లకు మూడు గింజల గుంట దొరకదు. వాళ్లు గింజ చేత్తో పట్టుకుని, నాకు గుంట లేదేమిటని అడుగుతారు. అప్పుడు అంతా బయటపడుతుంది.

ఒక్కొక్కరే వేస్తున్నారు. ఇంకా మూడు గుంటలు. ఇంకా రెండు. ఇంకొక్కటి. అందరికంటే వెనక అమ్మ వచ్చింది. వంగి చూసింది. మూడు గింజల గుంట ఒకటి ఉంది. తన గింజ అందులో వేసి, బుగ్గలు చూపించి, పక్కకు జరిగింది. ఇంకెవరూ లేరు.

పద్నాలుగు గుంటల్లోనూ నాలుగేసి. నానమ్మ రెండు వరసలూ కళ్లతో తుడిచినట్టు చూసి, అందరూ వచ్చారు, గడలు లాగండి అంది.

బయటపడలేదు, బతికిపోయాను అని పిందె ఊపిరి వదిలింది. వదిలిన ఊపిరి మళ్లీ తీసుకునేలోపే ఇంకో లెక్క తగిలింది.

ఎందుకు బయటపడలేదు? ఒక గింజ ఎక్కువైనప్పుడు లెక్క తప్పాలి కదా. తప్పాల్సిన లెక్క సరిగ్గా ఎలా సరిపోయింది?

పిందె ఒకసారి గుంటలన్నీ చూసింది. నాలుగులే. రెండోసారి చూసింది. నాలుగులే. మూడోసారి కళ్లను నమ్మలేక వేలు పెట్టి లెక్కపెట్టసాగింది.

"వేలు తీయ్" అంది నానమ్మ. "నా లెక్క మీద నీకు అనుమానమా?"

అప్పటికి ఒక గడ ఇవతలికి వచ్చేసింది. రెండోదాన్ని లాగుతున్నారు. పిందె తల తిప్పి అందరి ముఖాలూ చూసింది. ఊదారంగు నాలుక బయటపెట్టి చూపించేది ఒక్కతే కనబడలేదు.

ఇప్పుడు చెబితే ఆట చెల్లదు. మళ్లీ ఎప్పటికి ఏరు దాటుతుందో తెలియదు. బాబాయి ముసలివాడయ్యేదాకా ఇదే చెప్పి నవ్విస్తాడు. నోరు మూసుకుంటే ఏ బుగ్గలోనూ ఏమీ లేదు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. పిందె ఇదంతా ఆలోచించింది. ఎంతసేపు ఆలోచించిందంటే, గడ ఇంకో మూరెడు జరిగేంతసేపు.

"నానమ్మా, నేను రెండు వేశాను."

నానమ్మ దాని వైపు తిరిగింది.

"రెండోది ఎక్కడిది?"

"పొద్దున చింతచెట్టు కింద ఏరుకున్నాను. ఆటలో కూడా అదే..."

నానమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఆట సంగతి తరువాత. అంటే వచ్చింది పదమూడు మందే. లేనిదెవరు?"

"పూత."

అమ్మ కేక వేసి ఏటి వైపు పరుగెత్తింది.

అవతలి ఒడ్డున పొద్దు అప్పుడే కొండ వెనక్కి వాలింది. చిరుత ఒళ్లు విరుచుకుంటూ వచ్చి నేరేడు చెట్టెక్కింది. పూత ఏటి మీదికి వంగిన చివరి కొమ్మ పట్టుకుని వేలాడుతోంది. ఆ కొమ్మ పూతను మోస్తుంది గాని చిరుతను మోయదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చిరుత లావుపాటి కొమ్మ మీద తీరిగ్గా పడుకుని మాట కలిపింది.

"మీ వాళ్లు గడలు లాగేసుకుంటున్నారు, చూశావా? మీ నానమ్మ లెక్క ఎప్పుడూ తప్పదని అడవంతా చెప్పుకుంటారు. ఆమె లెక్కలో నువ్వు లేవంటే, నువ్వు ఆ ఇంటిదానివి కావు. చెయ్యి నొప్పి పెడుతోంది కదా. దిగి రా."

పూతకు చెయ్యి నిజంగానే నొప్పి పెడుతోంది. అయినా గట్టిగా జవాబు చెప్పింది.

"మా గుంటల్లో ఒక చోట మూడు గింజలే ఉంటాయి. నా గింజ నా బుగ్గలోనే ఉంది. నానమ్మ చూస్తుంది."

అది విని ఇవతలి ఒడ్డున పిందె ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది. నిలబడ్డానికి వేళ లేదు గనక బాబాయి దాన్ని భుజం పట్టి లాగాడు. గడ మళ్లీ ఏటి మీద పరిస్తే చిరుత దాని మీదుగా వచ్చేస్తుంది. అందుకని నలుగురు కలిసి గడను నిలబెట్టి, ఏటి మీదికి వాల్చి పట్టుకున్నారు. గడ కొస పూత ఉన్న కొమ్మకు ఒక బారెడు దూరంలో ఆగిపోయింది. ఎవరైనా కొసకు ఎక్కి చెయ్యి చాపాలి.

"నేనెక్కితే గడ, నేను, మీరు, అందరం ఏట్లోనే" అన్నాడు బాబాయి. "తేలికైనవాళ్లు కావాలి."

అతని మాట పూర్తి కాకముందే పిందె గడ మీద ఉంది. మధ్యాహ్నం మొదటిసారి గడ దాటడానికి పళ్లు గిట్టకరుచుకున్న పిల్లేనా ఇది అనిపించేలా కొసకంటా పాకింది. కాళ్లతో గడను మెలేసుకుని రెండు చేతులూ చాపింది. మూడు అనగానే దూకమని చెల్లెలికి చెప్పింది.

"ఒకటి."

చిరుత లేచి నిలబడింది.

"రెండు."

చిరుత ఇక ఆగలేక సన్నకొమ్మ మీదికి కాలు వేసింది. కొమ్మ ఫెళ్లుమంది.

"మూడు."

పూత దూకింది. పిందె పట్టుకుంది. కొమ్మ విరిగింది. చిరుత కొమ్మతో సహా ఏట్లో పడి, నాలుగు గుటకలు నీళ్లు తాగి, తన ఒడ్డుకే ఎక్కి ఒళ్లు దులుపుకుంది. తడిసిన చిరుతను ఎప్పుడైనా చూశారా? సగానికి సగం ఉంటుంది.

"గవరమ్మా, నీ లెక్క తప్పదన్నారు" అంది అది, ముక్కులోంచి నీళ్లు చీదుకుంటూ.

"తప్పింది. దిద్దుకున్నాం. నువ్వు వెళ్లు" అంది నానమ్మ.

పూత అమ్మ చంకలోంచి దిగి ముందు చేసిన పని ఏమిటో తెలుసా? బండ దగ్గరికి వెళ్లి గింజ తీసి చేత్తో పట్టుకుంది. రెండు వరసలూ చూసింది. మళ్లీ చూసింది.

"నాకు గుంట లేదేమిటి నానమ్మా?" అని అడిగింది.

పిందె ఏడ్చేసింది. చేసిందంతా, చింతచెట్టు దగ్గర నుంచి, ఒక్కటి కూడా వదలకుండా చెప్పింది. బాబాయి నవ్వలేదు. తాను పేలు చూడమన్న మాట గుర్తొచ్చిందేమో, బొజ్జ మీద చేతులు పెట్టుకుని నేల చూశాడు.

నానమ్మ ఒక గుంటలోంచి ఒక గింజ తీసి, ఆ చోట పూత గింజను వేయించింది. తీసిన గింజను వెలుతురుకు పెట్టి చూసింది. దొంగది ఇదేనో కాదో చెప్పలేను, ఏదైతేనేం, ఇది యాభై ఏడోది అంది. దాన్ని బండ అంచున ఉన్న సందులో, అందరికీ కనబడేలా దిగగొట్టింది. ఆట చెల్లదనీ, పిందె ఏరు దాటేది నిజంగా గెలిచాకేననీ చెప్పింది. నిజం చెప్పినందుకు శిక్ష తగ్గించమని అమ్మ అడగబోయింది. ఎందుకు తగ్గించాలి? నిజం చెప్పినందుకు పూత దక్కింది. దొంగాట ఆడినందుకు ఆట పోయింది. ఆ రెండు లెక్కలూ వేరు.

తరువాత నానమ్మ ఇంకో మాట అంది. ఒక్కసారే అంది. మళ్లీ అనమంటే అనేది కాదు.

"నేను గింజలు లెక్కపెట్టాను గాని ముఖాలు చూడలేదు. రేపటి నుంచి రెండూ చూస్తాను."

నేరేళ్లు అయిపోయేదాకా పిందె ఇవతలే ఉంది. రోజూ పొద్దున్నే నానమ్మ ఎదుట కూర్చుంది. మొదటి చెయ్యి ఎక్కడ అయిపోతుందో చూడటం, రెండో చెయ్యి ఎక్కడ తేలుతుందో చూడటం, మూడో చెయ్యి చూడటం నేర్చుకుంది. సగం ఆట అయ్యాక గుంటల్లో మిగిలినవి యాభై ఆరులోంచి తీసేసి, ఇద్దరూ గెలుచుకున్నవి కలిపి ఎన్నో చూడకుండా చెప్పడం నేర్చుకుంది. నానమ్మ పుల్ల పక్కనే ఉండేది గాని, పదో రోజు తరువాత దానికి పని పడలేదు. సాయంత్రం పూత రెండు పళ్లు తెచ్చేది. ఇప్పుడు అవి తియ్యగా ఉన్నందుకు కోపం రావడం లేదు.

వానలు తగ్గి సీతాఫలాల కాలం వచ్చింది. అవి కూడా అవతలి ఒడ్డునే. పిందె మళ్లీ బాబాయి ఎదుట కూర్చుంది. ఈసారి బాబాయి కళ్లు గుంటల్లోనే పెట్టుకుని ఆడాడు. అందరూ మెడలు చాచి చూశారు. చివరి చేతిలో పిందె ఐదు గింజలు తీయబోయి ఆగింది. గుంటల మీద కళ్లు ఒక చుట్టు తిప్పింది. పక్క గుంటలోని రెండు తీసింది. వేసింది. తరువాతి గుంటలో మూడు తీసి వేసింది. చెయ్యి ఖాళీ, తరువాతి గుంట ఖాళీ, దాని అవతల ఆరు గింజలు.

ఇరవై తొమ్మిది, ఇరవై ఏడు. యాభై ఆరు.

ఎవరూ అడగకముందే పిందె నోరు తెరిచి రెండు బుగ్గలూ చూపించింది. నానమ్మ ఎడమ బుగ్గ చూసింది, కుడి బుగ్గ చూసింది, తన చేతిలో ఉన్న పుల్లను ఏట్లోకి విసిరేసింది.

"పేలు చూడ్డానికి ఇక ఎవరుంటారే మా అమ్మకు?" అన్నాడు బాబాయి.

"నువ్వుండు బాబాయ్, నువ్వే కదా ఓడింది" అంది పిందె. ఈసారి అందరూ నవ్వారు. బాబాయి అందరికంటే గట్టిగా నవ్వాడు.

చాలా ఏళ్లు గడిచాయి. నానమ్మ కళ్లకు పొర కమ్మింది. బండ మీద కూర్చుని లెక్క చూసే పని ఎవరికిస్తుందో అని అందరూ ఎదురుచూశారు. ఆమె పిందెకు ఇచ్చింది. ఒక గింజ ఎక్కువైతే ఏమవుతుందో ఆ పిల్లకు తెలిసినంతగా ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు అంది.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం పిందె గుంటల దగ్గర కూర్చునేది. గింజలు చూసేది, ముఖాలు చూసేది. వరసలో మొదట వచ్చినవాళ్లను బుగ్గలు చూపించమనే ముందు, తానే నోరు తెరిచి, తన రెండు బుగ్గలూ వాళ్లకు చూపించేది.

బండ సందులో ఆ యాభై ఏడో గింజ అలాగే ఉంది.

నీతి: దొంగ లెక్కతో గెలిచినవాళ్లు తమను నమ్మినవాళ్లను ప్రమాదంలో పడేస్తారు. తప్పు చేశామని తెలియగానే ఒప్పుకుంటే ఆ తప్పును దిద్దుకోవచ్చు.